రిట్టీలో చెత్త పడుతోందా, అయితే ముందు ఆ చెత్త చదువు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ హామ్ రేడియో గురించి నువ్వన్న మాటే రాత్రంతా బుర్రలో తిరుగుతోంది. "మామయ్యా, ఎఫ్‌టీ8 పెట్టిన పది నిమిషాల్లో జపాన్ పలికింది, ఈ రిట్టీ వారం నుంచి పెడుతున్నా స్క్రీన్ నిండా చెత్తే, వదిలేద్దామా" అన్నావు కదా. వదిలెయ్యకు. ఫోన్లో చెప్తే సగం వింటావు సగం వదిలేస్తావు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, ఓపిగ్గా చదువు.

రెండూ రేడియోలో రాత మెసేజ్‌లు పంపే పద్ధతులే, రిట్టీ అంటే రేడియో టెలిటైప్, గాల్లో నడిచే టెలిప్రింటర్ అనుకో. ఎఫ్‌టీ8లో తప్పులు సరిదిద్దుకునే లెక్క లోపలే ఉంటుంది, వస్తే మొత్తం మెసేజ్ వస్తుంది, లేకపోతే అసలు రాదు. రిట్టీకి అలాంటి సౌకర్యం ఏమీ లేదు. గాల్లో ఏది వినపడితే దాన్ని అక్షరం చేసి పడేస్తుంది, అది ఇటలీ స్టేషనా మీ మేడ మెట్ల కింద ఇన్వర్టరా దానికి అనవసరం. అందుకని చెత్త పడటం తప్పేం కాదు, ఏ రకం చెత్త పడుతోందో నువ్వు కనిపెట్టాలి, రిట్టీలో నేర్చుకోవాల్సిన పని సగం అదే.

నేను తంతి ఆఫీసులో టెలిప్రింటర్ మీద చేరిన కొత్తలో ఒక టెలిగ్రాం వచ్చింది, ఇంగ్లీషులో "అరైవింగ్ క్యూ టీ మార్నింగ్" అని. క్యూటీ అంటే ఏ ఊరో ఏ బండో అనుకుని అలాగే అంటించి పంపేశా. అసలు సంగతి 15వ తారీకు పొద్దున వస్తున్నాం అని. పాపం స్టేషన్‌కి ఎవరూ వెళ్లలేదు, దిగినాయన సామాన్లన్నీ వేసుకుని రిక్షాలో ఇంటికి చేరి మర్నాడు మా ఆఫీసుకొచ్చి గొడవ. మా సూపర్‌వైజర్ తిట్టలేదు, ఒక కాగితం ఇచ్చి కీబోర్డు పైవరస అక్షరాలు రాసి వాటి నెత్తిన 1 నుంచి 0 దాకా అంకెలు వెయ్యమన్నాడు. క్యూ మీద 1, డబ్ల్యూ మీద 2, ఈ మీద 3, ఆర్ 4, టీ 5, వై 6, యూ 7, ఐ 8, ఓ 9, పీ మీద 0. క్యూ టీ అంటే 15! నువ్వూ ఆ కాగితం రాసి మానిటర్ కింద అంటించుకో, నవ్వకు, చాలా పనికొస్తుంది.

ఎందుకలా అవుతుందంటే, అప్పటి టెలిప్రింటర్‌దీ ఇప్పుడు నీ రిట్టీదీ ఒకటే కోడు, బాడో అంటాం. అక్షరానికి 5 బిట్లు, అంటే మొత్తం 32 గుర్తులే. 26 అక్షరాలకి పోగా మిగిలేవి ఆరు, మరి అంకెలు ఎక్కడ పెడతారు? అందుకే "ఇక్కణ్ణుంచి అంకెలు" అని ఒక గుర్తు, "మళ్లీ అక్షరాలు" అని ఇంకో గుర్తు పెట్టారు. ఆ మొదటి గుర్తు ఫేడింగ్‌లో, అంటే సిగ్నల్ సన్నగిల్లినప్పుడు, పోయిందనుకో, వెనకొచ్చే అంకెలన్నీ అక్షరాలుగా పడతాయి. సిగ్నల్ బాగా వినపడుతోందని చెప్పే రిపోర్ట్ 599 కాస్తా టీ ఓ ఓ అవుతుంది, కాంటెస్టుల్లో మన దేశానికిచ్చే జోన్ నంబరు 22 కాస్తా డబ్ల్యూ డబ్ల్యూ అవుతుంది. టీ ఓ ఓ కనపడితే చెత్త అనుకోకు, నీకు రిపోర్ట్ ఇచ్చేశాడని అర్థం. రిట్టీ సాఫ్ట్‌వేర్ ఎమ్ఎమ్‌టీటీవైలో యూఓఎస్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కి ఉంటే మాటల మధ్య ప్రతి ఖాళీ తర్వాతా సాఫ్ట్‌వేర్ దానంతటదే అక్షరాల్లోకి వచ్చేస్తుంది, మామూలుగా అది ఆన్‌లోనే ఉంచు. ఫిగ్ అనే బటన్ నొక్కితే అంకెల్లోకి పోతుంది.

ఇక నీ సెటప్ సంగతి. ఎమ్ఎమ్‌టీటీవైలో హామ్ అని ఇంకో బటన్ ఉంది చూడు, నువ్వు ఈ వారం రోజుల్లో ఏమేం కెలికావో నాకు తెలీదు గానీ అది ఒక్కటి నొక్కు, మార్క్ 2125 హెర్ట్జ్, షిఫ్ట్ 170, స్పీడు 45.45 బాడ్, అన్నీ మన లెక్కకొచ్చేస్తాయి. రిట్టీలో ఉండేవి రెండే టోన్లు, ఒకటి మార్క్, రెండోది స్పేస్, వాటి మధ్య దూరమే షిఫ్ట్. ఒక్కో బిట్టు 22 మిల్లీసెకన్లు, ముందో స్టార్ట్ బిట్టు, చివర ఒకటిన్నర బిట్టంత స్టాప్, అన్నీ కలిపి అక్షరానికి 165 మిల్లీసెకన్లు, సెకనుకి ఆరు అక్షరాలు. మా ఆఫీసు మెషిన్లు 50 బాడ్ మీద నడిచేవి, చెవికి తేడా పెద్దగా తెలీదు గానీ సాఫ్ట్‌వేర్‌లో 50 పెట్టి 45 వింటే మాత్రం చూడాలి ఆ అందం.

నీ ఐకామ్ 7300 రేడియోలో పంపడానికి రెండు దార్లున్నాయి. ఒకటి రిట్టీ మోడే పెట్టి లాప్‌టాప్ నుంచి ఆన్ ఆఫ్ మాత్రం పంపితే రేడియోనే టోన్లు తయారుచేసుకుంటుంది, ఎఫ్ఎస్‌కే అంటారు. రెండోది ఎల్ఎస్‌బీ-డీ (లోయర్ సైడ్‌బ్యాండ్ డేటా) మోడ్ పెట్టి సౌండ్‌కార్డు నుంచి టోన్లు పంపడం, ఏఎఫ్ఎస్‌కే. నువ్వు రెండోదే పెట్టు, ఎఫ్‌టీ8కి వేసిన యూఎస్‌బీ కేబులే సరిపోతుంది. ఒక్క విషయం మర్చిపోకు, ఎఫ్‌టీ8కి అప్పర్ సైడ్‌బ్యాండ్, అంటే టోన్లు డయల్ ఫ్రీక్వెన్సీకి పైన పడతాయి, దీనికి లోయర్, అంటే కింద పడతాయి. నీకు వారం నుంచి చెత్త పడటానికి నా అనుమానం ఇదే. సిగ్నల్ బలంగా ఉండి, రెండు గీతలు స్క్రీన్ మీద చక్కగా కనపడుతూ, అయినా ఒక్క ముక్క అర్థం కాకపోతే అది తలకిందులు అన్నమాట, మార్క్ ఉండాల్సిన చోట స్పేస్ ఉంది. రెవ్ బటన్ నొక్కి చూడు, టక్కున అక్షరాలు పడితే నా మాట నిజం. అప్పుడు రెవ్ తీసేసి రేడియోని ఎల్ఎస్‌బీ-డీకి మార్చు, లేకపోతే నువ్వు పంపేది కూడా తలకిందులే పోతుంది, ఎవడూ పలకడు.

ట్యూనింగ్ చెయ్యి తిరగాలి, అది చెప్తే వచ్చేది కాదు. ఆ చిన్న స్కోప్ కిటికీలో రెండు సన్నటి గుడ్డు ఆకారాలు ఒకదానికొకటి అడ్డంగా కూడిక గుర్తులా నిలబడాలి. వంకరగా ఒరిగాయంటే డయల్ పక్కకుంది, పది పది హెర్ట్జ్ తిప్పు. ఫిల్టర్ 500కి తగ్గించు, పక్కనోడు మరీ గట్టిగా ఉంటే 250. నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్ రెండూ తీసెయ్, చెవికి బావుంటుంది గానీ టోన్లని పాడుచేస్తాయి. నెట్ బటన్ కూడా తీసేసి ఉంచు ప్రస్తుతానికి, అది ఉంటే నువ్వు వినే చోటుకల్లా నీ టోన్లూ జరుగుతాయి. సిగ్నలే లేనప్పుడు కూడా అక్షరాలు రాలుతుంటే అది మీ ఇంటి నాయిస్, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి చూడు, ఆ చవకరకం ఎల్ఈడీ బల్బులు కూడా ఒక్కోటి ఆపి చూడు, దొంగ దొరుకుతాడు. వరసగా ఆర్ వై ఆర్ వై పడుతుంటే మాత్రం అది చెత్త కాదు, ఆర్, వై రెండిటి బిట్లూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు, మార్క్ స్పేస్ మార్క్ స్పేస్ అని తిరుగుతాయి కాబట్టి మెషిన్ సరిచూడటానికి మా మెకానిక్కులు అవే కొట్టించేవాళ్లు.

ఇలా నాలుగు రోజులు వినడమే, పంపొద్దు. ఈలోపు నీ లైసెన్సు కాగితం తీసి ఎమిషన్ల (నువ్వు పంపొచ్చన్న సిగ్నల్ రకాల) వరసలో ఎఫ్1బీ ఉందో లేదో, నీ గ్రేడ్‌కి పవర్ ఎంతో చదువు. రిట్టీని ఆ కాగితంలో రిట్టీ అనరు, ఎఫ్1బీ అంటారు.

పంపేటప్పుడు అసలు జాగ్రత్త పవర్ దగ్గర. మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య రేడియోకి ఊపిరి ఉంటుంది, ఇందులో మార్క్ అయినా స్పేస్ అయినా నిండు పవర్ సిగ్నలే, ఖాళీ అన్నదే లేదు. అందుకే 100 వాట్ల రేడియోని 30 దగ్గర పెట్టు, మే నెలలో మీ గుంటూరు మేడగదిలో అయితే వెనక ఒక చిన్న ఫ్యాన్ కూడా. ఏఎల్‌సీ మీటర్ (లోపలికి వచ్చే సౌండ్ ఎక్కువైతే లేచేది) కదలకూడదు, ముల్లు లేచిందంటే సౌండ్‌కార్డు లెవెల్ తగ్గించు. స్పీచ్ కంప్రెసర్ ఎక్కడైనా ఆన్‌లో ఉందేమో చూడు. ఇవి ఎక్కువైతే నీ స్క్రీన్ మీద ఏ తేడా తెలీదమ్మా, నీ రెండు గీతల పక్కన ఇంకో నాలుగు గీతలు పుట్టేది అవతలోళ్ల స్క్రీన్ మీద. నాకు ఒక యూరప్ ఆయన "మీరు ఆరు చోట్ల వినపడుతున్నారు" అని మర్యాదగా టైప్ చేశాడు, సిగ్గేసి ఆ పూటకి రేడియో ఆపేశా. ట్రాన్స్‌మిట్ నొక్కగానే మౌస్ బిగుసుకుపోయినా, లాప్‌టాప్ నుంచి పోర్ట్ ఊడినా అది నువ్వు పంపే రేడియో తరంగమే (ఆర్‌ఎఫ్) కేబుల్లోకి తిరిగొస్తున్నట్టు, యూఎస్‌బీ కేబుల్‌ని ఫెర్రైట్ రింగులో ఐదారు చుట్లు తిప్పు. ఇంకోటి, మెనూలో యూఎస్‌బీ సెండ్‌కి ఆర్‌టీఎస్ (లాప్‌టాప్ నుంచి వచ్చే ఒక కంట్రోల్ లైను) పెట్టుకుంటే లాప్‌టాప్ బూటయ్యేటప్పుడు ఆ లైను ఊరికే ఆడి రేడియో తనంతట తాను ట్రాన్స్‌మిట్‌లోకి పోగలదు, కాబట్టి ముందు లాప్‌టాప్, అది పూర్తిగా లేచాక రేడియో.

ఎక్కడ వెతకాలంటే, 20 మీటర్ల బ్యాండ్‌లో 14.080 మెగాహెర్ట్జ్ దాటాక 14.099 లోపు. 14.080 దగ్గర ఎఫ్‌టీ8 లాంటిదే ఇంకో పద్ధతి ఎఫ్‌టీ4 వాళ్లుంటారు కాబట్టి కాస్త పైకి పో. 14.100 జోలికి అస్సలు పోవద్దు, అక్కడ ప్రపంచం మొత్తం మీద 18 బీకన్లు (తమ గుర్తు మాత్రమే పంపే స్టేషన్లు) తలా 10 సెకన్లు వంతులేసుకుని కూస్తుంటాయి, 3 నిమిషాలకొకసారి శ్రీలంక 4ఎస్7బీ వస్తుంది, అది కూడా వినపడకపోతే ఒకసారి యాంటెన్నా కూడా చూసుకో. ఏఎఫ్ఎస్‌కేలో డయల్ 14.085 చూపిస్తున్నా నీ మార్క్ పడేది 2125 హెర్ట్జ్ కిందకి, అంటే 14.082.875 మీద, క్లస్టర్‌లో (ఎవరు ఎక్కడున్నారో ఇంటర్నెట్‌లో చూపే జాబితాలో) చూసిన ఫ్రీక్వెన్సీకి వెళ్తే ఎవరూ లేరేంటని కంగారుపడకు. మామూలు రోజుల్లో బ్యాండ్ బోసిగా ఉంటుంది, అది నీ తప్పు కాదు, జనమంతా ఎఫ్‌టీ8కి పోయారు. సెప్టెంబర్ చివరి పూర్తి వారాంతంలో సీక్యూ వరల్డ్‌వైడ్ రిట్టీ కాంటెస్ట్ ఉంటుంది, మనకి శనివారం పొద్దున 5:30కి మొదలు, అప్పుడు చూడు, సంతలా ఉంటుంది.

మెసేజ్ మాక్రోలు, అంటే ఒక్క బటన్‌తో పోయేలా ముందే రాసిపెట్టుకునే మాటలు, పొట్టిగా రాసుకో. ప్రతి మాక్రో ముందు ఒక ఎంటర్, చివర ఒక స్పేస్ పెట్టు, లేకపోతే అవతల స్క్రీన్ మీద అప్పటిదాకా పడ్డ చెత్త చివర నీ కాల్‌సైన్ అతుక్కుపోతుంది, వాడు నీ కాల్ ఎక్కడ మొదలైందో తేల్చుకోలేడు. ఎవరినైనా పిలిచేటప్పుడు నీ కాల్ రెండుసార్లు, అంతే. రిపోర్ట్ రెండుసార్లు ఇవ్వు, ఒకటి పాడైనా ఇంకోటి మిగులుతుంది. మేము టెలిగ్రాం చివర్లో అంకెలన్నీ మళ్లీ కొట్టేవాళ్లం, ఆ క్యూటీ గొడవ తర్వాత నేనైతే ఒక్కసారి కూడా మానలేదు. మీ కాలేజీలో ఎవరో చెప్పారన్నావే, మాక్రోలో వాతావరణం, రిగ్గు, కుక్కపేరు అన్నీ పెట్టాలని, వద్దు, ఆరక్షరాల స్పీడులో అవతలోడికి నిద్రొస్తుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి 40 మీటర్లలో 7.042 మీద ఉంటా. 20 మీటర్లలో గుంటూరుకీ రాజమండ్రికీ మాట కలవదు, సిగ్నల్ మన నెత్తి మీదుగా దూకేసి ఎక్కడో దిగుతుంది. ముందు నేను ఐదు నిమిషాలు ఆర్ వైలు, తర్వాత అంకెలు పంపుతా, మధ్యలో ఒకసారి కావాలనే తలకిందులు చేసి పంపుతా, ఎక్కడో నువ్వే పట్టుకో. నీ స్క్రీన్ మీద ఏం పడిందో ఉన్నదున్నట్టు ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, సరిచేసి టైప్ చేసి మాత్రం పంపకు.

73 (శుభాకాంక్షలు), 88 (ప్రేమతో),
మామయ్య