పాఠం ఫోన్‌లో, పిల్లాడు చెరువు గట్టు మీద

ప్రశ్న: మా వాడు పదో తరగతి. బడి మీద ధ్యాస పోయింది, ఎప్పుడూ వాళ్ల నాన్నతో రొయ్యల చెరువుల దగ్గరే. డబ్బు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేర్పిస్తే వీడియో పెట్టేసి పక్కకెళ్లిపోతున్నాడు. ఏం చేయమంటారు సార్?
- ఒక తల్లి, విడవలూరు

జవాబు: అమ్మా, వీడియోకి మీవాడు విన్నాడో లేదో తెలీదు. అడిగే మనిషి కావాలి. లెక్కల మాస్టారుగా పనిచేసిన నా గట్టి నమ్మకం ఇదే.

మీవాడికి లెక్కలు రావనుకోకండి. చెరువులో లక్ష రొయ్యలు, ఒక్కోటి పది గ్రాములు, అంటే వెయ్యి కిలోలు. బరువులో మూడు శాతం మేత వేస్తే రోజుకి ముప్పై కిలోలు. రొయ్యలు తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలితే తగ్గించాలి. ఇది వాడు రోజూ చూస్తున్న శాతాల పాఠమే! టీచరు అక్కడ మొదలుపెడితే వాడు నోరు విప్పుతాడు.

కొత్త కోర్సులకి డబ్బు పోయొద్దు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలు ఉచితంగా వస్తాయి. రోజుకి ఒక్క చిన్న వీడియో చాలు. తర్వాత ఒక లెక్క కాగితం మీద చేసి, ఫొటో తీసి మాస్టారికి వాట్సాప్ చేయాలి. ఆయన ఉత్త టిక్కు పెడితే లాభం లేదు, 'రెండో మెట్టులో గుర్తు తప్పింది, మళ్లీ చూడు నాయనా' అని రాయాలి. రెండు రోజులు ఫొటో రాకపోతే ఫోన్ చేయాలి.

బడి మాన్పించి, రోజూ బడికెళ్లకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూల్లో కట్టిద్దామని తొందరపడకండి. అది తర్వాతి దారి. ముందు ఈ వారంలోనే చెరువు మేత లెక్కల పుస్తకం పట్టుకుని, మీవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి లెక్కల మాస్టారిని కలవండి.