హాల్లో సౌండ్ వస్తుంది, బెడ్‌రూమ్‌లో రాదు: కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పోయిన దసరాకి కొత్త ఇంట్లోకి వచ్చాం. ఒకే మీడియా సర్వర్ (సినిమాలు, పాటలు దాచుకుని గదులకు పంపే పెట్టె) నుంచి హాల్లో, రెండు బెడ్‌రూమ్‌లలో, డాబా మీద సినిమాలు, పాటలు వచ్చేలా హైదరాబాద్‌లోని ఒక సంస్థతో పని చేయించాం. 4,60,000 రూపాయలకు మాట్లాడుకుని 4 లక్షలు కట్టాం. హాల్లో అంతా బాగుంది. బెడ్‌రూమ్‌లలో పాటలు వస్తాయి గానీ చాలా సినిమాలకు బొమ్మే తప్ప సౌండ్ ఉండదు. డాబా మీద వైర్‌లెస్ స్పీకర్లు మధ్యమధ్యలో ఆగిపోతాయి. ఆ సంస్థ వాళ్లు టీవీ లోపమంటారు, టీవీ వాళ్లు రిసీవర్ (సౌండ్‌ను స్పీకర్లకు పంచే పెట్టె) లోపమంటారు, చివరికి ఇద్దరూ ఇంటర్నెట్ మీదకు తోస్తారు. కొన్ని వస్తువులకే బిల్లు ఇచ్చారు, మిగతాదంతా వాట్సాప్ కొటేషనే. మిగిలిన 60 వేలు కడితేనే మనిషిని పంపుతామంటున్నారు. కేసు వేస్తే హైదరాబాద్ చుట్టూ తిరగాలా? ఎవరి మీద వేయాలి?

జవాబు: హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ఇంత సులువు గనకే చాలామంది కనపడిన వాళ్లందరినీ ప్రతివాదులుగా చేర్చేసి ఫిర్యాదు పడేస్తారు. తర్వాత ఏడాది పాటు ముగ్గురు వకీళ్లు మీ ముందే ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటుంటే వాయిదాలకు తిరుగుతారు.

మీ చిక్కంతా రెండో ప్రశ్నలోనే ఉంది. సేవాలోపం ఉందని చూపించాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘సౌండ్ రావడం లేదు’ అంటే చాలదు, ఎక్కడ ఆగిపోతోందో చూపాలి. అందుకు ఇంజనీరు అక్కర్లేదు, ఇంట్లోనే చాలావరకు తేలుతుంది.

బెడ్‌రూమ్‌లో పాటలు వస్తున్నాయన్న మీ మాటే పెద్ద ఆధారం. స్పీకర్లు, వాటి వైర్లు పనిచేస్తున్నాయని దానితోనే తేలిపోయింది. పాటల్లో ఎక్కువ భాగం ఎడమ, కుడి అని రెండు చానళ్ల స్టీరియో. సినిమాల్లో చాలావాటికి డాల్బీ, డీటీఎస్ లాంటి బహుళ చానళ్ల సౌండ్ ఉంటుంది. సర్వర్‌లో ‘పాస్‌త్రూ’ పెట్టి ఉంటే ఆ సౌండ్‌ను విప్పకుండా మూట కట్టినట్టే పంపేస్తుంది. హాల్లో రిసీవర్ దాన్ని విప్పుకుంటుంది. కానీ చాలా రిసీవర్లలో రెండో గదికిచ్చే ‘జోన్ 2’ స్టీరియోను మాత్రమే తీసుకుంటుంది, డీటీఎస్ అర్థం కాని టీవీలు కూడా మార్కెట్లో బోలెడు. అందుకే బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు.

కాబట్టి ఇలా చేయండి. సౌండ్ రాని ఒక సినిమాను బెడ్‌రూమ్‌లో పెట్టండి. సర్వర్ ఆడియో సెట్టింగ్‌ల పేజీని ముందు ఫొటో తీసుకుని, పాస్‌త్రూ తీసేసి స్టీరియోకు మార్చండి. అదే సినిమా మళ్లీ పెట్టండి. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా కట్ చేయకుండా ఫోన్‌లో వీడియో తీయండి. ఇప్పుడు సౌండ్ వస్తే టీవీ మీద, రిసీవర్ మీద కేసు పెట్టడంలో అర్థం లేదు. వస్తువులు బాగానే ఉన్నాయి, అమర్చిన పద్ధతిలోనే లోపం. అప్పటికీ రాకపోతే వైరు తీయకుండా, పెట్టెలు విప్పకుండా అక్కడితో ఆపండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కెలికిస్తే ‘మీరే పాడుచేశారు’ అనే వాదన అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టే.

చిన్న హెచ్చరిక. ఈ వీడియోకు టొరెంట్‌లో దించిన సినిమా వాడకండి. మీ సాక్ష్యమే మీకు ఎదురు తిరిగితే బాగుండదు. కొన్న డిస్కు ఉంటే దానితో చేయండి.

ఇక రిసీవర్‌తో వచ్చిన మాన్యువల్ తీయండి. జోన్ 2కి స్టీరియో మాత్రమే అని అందులో అచ్చయి ఉంటే తయారీ కంపెనీ తప్పు లేదు, వాళ్లను చేర్చినా నిలబడదు. కానీ ఆ పరిమితి తెలిసి కూడా ‘అన్ని గదుల్లోనూ సినిమాలు, పాటలు’ అని కొటేషన్‌లో రాసిచ్చిన సంస్థ తప్పించుకోలేదు. సెక్షన్ 2(11)లో సేవాలోపం నిర్వచనం చూస్తే, ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న తీరులో చేయకపోవడమే కాదు, వినియోగదారుకు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా అందులోకే వస్తుంది. నా లెక్కలో మీ కేసులో బలమైన పాయింటు ఇదే. వాట్సాప్‌లో వాళ్లు పంపిన ఆ ఒక్క వాక్యం కోసం చాట్ అంతా వెతకండి, దొరికితే సగం పని అయినట్టే.

డాబా స్పీకర్ల సంగతి వేరు. ఒక స్పీకర్‌ను కిందికి తెచ్చి రౌటర్ పక్కన పెట్టి గంట పాటు పాటలు పెట్టండి. ఆగకపోతే స్పీకర్ మంచిదే, వైఫై డాబా దాకా సరిగ్గా అందడం లేదు. ఇంటర్నెట్ మీద నెపానికి కూడా విరుగుడు ఉంది. పాటలు ఇంట్లో సర్వర్‌లోనే ఉన్నప్పుడు వాటికి బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు, ఇంటి రౌటర్ చాలు. బయటినుంచి వచ్చే లైను తీసేసి పాట పెట్టండి. అప్పుడూ అలాగే ఆగుతుంటే ఇంటర్నెట్ కంపెనీని వదిలేయవచ్చు. (కొన్ని స్పీకర్ల యాప్‌లు నెట్ లేకుండా తెరుచుకోవు, అలాంటివైతే ఈ పరీక్ష కుదరదు.) డాబాకు వైఫై అందించే పని కొటేషన్‌లో ఉంటే బాధ్యత వాళ్లది. ‘నెట్‌వర్క్ కస్టమర్ చూసుకోవాలి’ అని ఉంటే మాత్రం ఈ భాగంలో మీ వాదన బలహీనం. వాళ్లు వెళ్లాక మీరు రౌటర్ మార్చి ఉంటే ఇంకా బలహీనం, ఆ విషయం మీ వకీలు దగ్గర దాచకండి.

బిల్లు లేదని టెన్షన్ పడొద్దు. డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐలోనో వెళ్లి ఉంటే స్టేట్‌మెంటు, కొటేషన్, చాట్ కలిపి లావాదేవీని నిరూపిస్తాయి. బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి, దాన్నీ ఫిర్యాదులో రాయండి. చాట్ ప్రింట్లు జతచేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా పెడితే అభ్యంతరాలకు తావుండదు. ఫోన్ మార్చినా పాతది అమ్మకండి.

60 వేలు ఆపినందుకు మీ హక్కు పోదు. కొంత కట్టి కొంత కడతానని మాటిచ్చిన వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. కాకపోతే మౌనంగా ఆపితే ‘ఎగ్గొట్టాడు’ అంటారు. ఫలానా గదుల్లో పని పూర్తి కాలేదు, పూర్తయిన రోజే చెల్లిస్తాను అని రాతపూర్వకంగా చెప్పండి.

ఆ మాటనే నోటీసులో పెట్టి, పరీక్షల్లో తేలింది రాసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ పంపండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ ఇలాంటి గొడవలు చాలావరకు అక్కడే తెగిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు తెలుగులో చెప్పుకోవచ్చు, అయితే వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు, కంపెనీతో మాట్లాడతారంతే.

దారికి రాకపోతే అమర్చిన సంస్థే మొదటి ప్రతివాది. స్టీరియోకు మార్చినా సౌండ్ రాక, ఏదో ఒక పరికరమే పాడైందని తేలితేనే దాని తయారీదారును చేర్చండి. వస్తువులో లోపం పరీక్షిస్తే గానీ తెలియదనుకుంటే సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపగలదు, ఆ ఖర్చు ముందు మిమ్మల్నే డిపాజిట్ చేయమనవచ్చు. కొటేషన్ ప్రకారం పని పూర్తి చేయాలని, లేదంటే ఆ గదులకైన మొత్తం వాపసు ఇవ్వాలని అడగండి. మానసిక వేదనకు 10 లక్షలు రాయమని కొందరు సలహా ఇస్తారు, వినకండి. సెట్టింగ్‌తో పోయే సమస్యకు అంత అడిగితే మీ అసలు ఫిర్యాదు కూడా పలచనవుతుంది. మధ్యవర్తిత్వానికి వెళ్తారా అని కమిషన్ అడిగితే ఒప్పుకోండి, ఒక టెక్నీషియన్ వచ్చి పూటలో సరిచేయగలిగిన పని ఇది.

ప్రతివాది 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఆ పైన గడువు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కేసు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఫిర్యాదుకు కాలపరిమితి రెండేళ్లు. పోయిన దసరాకి పని జరిగింది గనక మీకు గడువు ఉంది. మరమ్మతుకు వస్తాం, రేపు వస్తాం అని వాళ్లు నెట్టుకొచ్చినంత మాత్రాన ఆ రెండేళ్లు పెరుగుతాయని లెక్కేసుకోకండి.