పీహెచ్‌పీలో పెద్ద ఫైల్‌కి హ్యాష్ తీస్తే మెమొరీ ఎందుకు చాలట్లేదు?

మీరు అడిగినవి రెండు: 500 ఎంబీ వీడియోకి షా-256 హ్యాష్ (ఫైల్‌లోని బైట్ల నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) తీయబోతే మెమొరీ ఎర్రర్ వస్తోంది, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు టెక్స్ట్ ఫైళ్లకు హ్యాష్‌లు వేరుగా వస్తున్నాయి.

మొదటిదానికి కారణం ఫైల్_గెట్_కంటెంట్స్ ఫంక్షన్. అది ఫైల్ మొత్తాన్ని ఒకేసారి స్ట్రింగ్‌లోకి ఎత్తుతుంది. డిఫాల్ట్ మెమొరీ_లిమిట్ 128 ఎంబీ, 500 ఎక్కడ పడుతుంది? లిమిట్ మాత్రం పెంచకండి. హ్యాష్_ఫైల్ వాడండి: మొదట అల్గారిథమ్ పేరు, తర్వాత ఫైల్ పాత్. ఫైల్‌ని ముక్కలుముక్కలుగా చదువుకుంటూ పోతుంది కాబట్టి 5 జీబీ ఉన్నా మెమొరీ పెరగదు.

పేరు చివర _ఫైల్ మాత్రం మరిచిపోవద్దు. ఉత్త హ్యాష్ ఫంక్షన్‌కి పాత్ ఇస్తే ఏ ఎర్రరూ రాదు, 64 అక్షరాలూ చక్కగా వస్తాయి. కానీ అది పాత్ అనే స్ట్రింగ్‌కి వచ్చిన హ్యాష్. లోపల ఎంత మార్చినా అదే వస్తుంది.

ఇంకా ప్రమాదకరమైనది ఒకటుంది. ఫైల్ తెరుచుకోకపోతే హ్యాష్_ఫైల్ ఒక వార్నింగ్ వేసి ఫాల్స్ ఇస్తుంది. దాన్నలాగే ఖాళీ స్ట్రింగ్‌గా డేటాబేస్‌లోకి పోనిస్తే, డూప్లికేట్లు తీసేసే స్క్రిప్ట్‌కి చదవలేకపోయిన ఫైళ్లన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. ఒక్కటి ఉంచి మిగతావి తుడిచేస్తుంది. అందుకే ముందు === తో ఫాల్స్ కాదని చూసుకోండి. రెండు హ్యాష్‌లను పోల్చడానికీ == వద్దు. 0, ఆ వెంటనే ఇంగ్లీషు అక్షరం ‘e’, తర్వాత అన్నీ అంకెలే ఉన్న రెండు ఎండీ5లు (ఇదీ ఒక రకం హ్యాషే) వస్తే పీహెచ్‌పీ రెంటినీ సున్నాగా లెక్కేసి సమానం అంటుంది.

ఇక రెండో ప్రశ్న. హ్యాష్ అక్షరాలను కాదు, బైట్లను చూస్తుంది. ‘అమ్మ’ అని మాత్రమే ఉన్న ఫైల్ యూటీఎఫ్-8లో 12 బైట్లు: అ, మ, పొల్లు, మ, ఒక్కోటి 3. అదే మాటని ఎడిటర్‌లో బామ్‌తో (ఫైల్ మొదట్లో పెట్టే ఎన్‌కోడింగ్ గుర్తు) సేవ్ చేస్తే ముందు కనిపించని 3 బైట్లు చేరి 15 అవుతుంది, హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. ముందు ఫైల్‌సైజ్ ఫంక్షన్‌తో రెంటి సైజులూ చూడండి. తేడా సరిగ్గా 3 అయితే బామ్ అయి ఉండొచ్చు. లైన్ల సంఖ్యంత తేడా ఉంటే లైన్ చివరలు: విండోస్‌లో 2 బైట్లు, లినక్స్‌లో 1. ఎఫ్‌టీపీలో యాస్కీ మోడ్‌లో (ఫైల్‌ని టెక్స్ట్‌గా లెక్కేసి లైన్ చివరలు మార్చే మోడ్) పంపినా ఇదే జరుగుతుంది, బైనరీకి మార్చి మళ్లీ పంపండి.