మీరడిగారు: కారు జీపీఎస్ బాక్సు ఇంకా పనికొస్తుందా?

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి వస్తూ వాడిన గార్మిన్ కంపెనీ జీపీఎస్ (దారి చూపించే బాక్సు) ఒకటి తెచ్చిచ్చాడు, అద్దానికి అంటించుకునే టైపు. ఇక్కడ ఆన్ చేస్తే కారు బొమ్మ ఒక్కటే ఉంది, రోడ్లే లేవు. పాడైందా అండీ?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: పాడవలేదండీ. శాటిలైట్లు ప్రపంచం మొత్తానికీ అవే, మ్యాప్ మాత్రం బాక్సు లోపల ఉంటుంది, మీదాంట్లో అమెరికా మ్యాపే ఉండుంటుంది. పాత బాక్సుకి డబ్బు పెట్టి మ్యాప్ కొనక్కర్లేదు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (వలంటీర్లు కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) వాళ్ల డేటాతో గార్మిన్‌కి సరిపడేలా తయారుచేసిన ఇండియా మ్యాప్ ఫ్రీగా దొరుకుతుంది, మెమరీ కార్డు స్లాట్ ఉంటే కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి అందులో వేస్తే చాలు. మొదటిసారి మాత్రం అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కాకుండా ఆకాశం బాగా కనిపించే చోట ఓ ఇరవై నిమిషాలు వదిలేయండి, ఎందుకంటే అది ఇంకా అమెరికాలోనే ఉన్నాననుకుంటుంది, పైగా ఏ శాటిలైట్ ఎక్కడుందో చెప్పే పూర్తి లిస్టు దిగడానికే 12.5 నిమిషాలు పడుతుంది. తేదీ కూడా చూడండి. జీపీఎస్ తేదీని వారాల్లో లెక్కపెడుతుంది, ఆ లెక్క 1024 వారాలు నిండగానే మళ్లీ సున్నాకి వస్తుంది, పోయినసారి 2019 ఏప్రిల్ 6న అలా జరిగింది. తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తుంటే కంప్యూటర్‌కి కలిపి గార్మిన్ ఎక్స్‌ప్రెస్ అనే ఆ కంపెనీ ప్రోగ్రామ్‌తో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి.

ప్రశ్న: ఫోన్ ఉండగా ఇంకో డబ్బా దేనికి? మేం తరచూ పలమనేరు వెళ్తుంటాం.
- ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: బెంగళూరు లోపల ఫోనే వాడండి, అందులో రెండో మాట లేదు, సిల్క్ బోర్డు దగ్గరా హెబ్బాళ దగ్గరా ఎంత జామ్ ఉందో పాత బాక్సుకి ఎలా తెలుస్తుంది చెప్పండి. ఊరు దాటాకే దాని విలువ తెలిసేది. ముళబాగిలు దాటి పలమనేరు వైపు వెళ్తూ ఎక్కడైనా సిగ్నల్ పోయిందనుకోండి, ఫోన్‌లో నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, ఎందుకంటే జీపీఎస్‌కి నెట్ అవసరం లేదు, కానీ మీరు ఒక మలుపు తప్పితే కొత్త దారి వెతకడానికి మ్యాప్ కావాలి, అది ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే అక్కడే ఆగిపోతుంది. బాక్సుకి ఆ బాధ లేదు. ఎండాకాలం డాష్‌బోర్డు మీద చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారడం మీరూ చూసే ఉంటారు, సరిగ్గా మలుపు దగ్గరే ఎవరో ఫోన్ చేస్తారు కూడా. అందుకని ఉన్న బాక్సు ఉంచుకోండి. కొత్తది కొనమని మాత్రం చెప్పను, ఇంట్లో పడున్న పాత ఫోన్‌లో కర్ణాటక, ఆంధ్రా మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌కి దించుకుంటే అదే పని చేస్తుంది. ఏది వాడినా మ్యాప్ కొత్తది ఉండాలి, లేకపోతే హొసకోట నుంచి బేతమంగళ వైపు కొత్తగా వేసిన ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినప్పుడు మీ కారు పొలాల్లో పోతున్నట్టు చూపిస్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే జీపీఎస్ కింద రోడ్డులో ఎడమకి తిరగమంటోంది, ఎందుకు?
- ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: పై రోడ్డూ కింద రోడ్డూ మ్యాప్‌లో ఒకే గీత మీద ఉంటాయి. జీపీఎస్‌కి పక్కకి కొన్ని మీటర్ల తేడా మామూలే, ఎత్తు విషయంలో అంతకంటే ఎక్కువ తప్పుతుంది, అందుకే ఏ రోడ్డు మీదున్నారో ఊహించి చెప్తుంది. ర్యాంప్ ఎక్కేముందే బోర్డు చూసి నిర్ణయించుకోండి, ఎక్కాక దాని మాట విని సడన్‌గా బ్రేక్ వేయొద్దు, దాదాపు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్ అది, వెనకాల బండ్లు స్పీడుగా వస్తుంటాయి.

ప్రశ్న: బాక్సు కారులోనే వదిలేయొచ్చా?
- ఒక పాఠకురాలు, హొసూరు రోడ్డు

జవాబు: వద్దమ్మా. లోపల ఉండేది లిథియం బ్యాటరీ, ఎండలో మూసిన కారులో ఉబ్బుతుంది. స్క్రీన్ ఫ్రేమ్‌లోంచి పైకి లేచినట్టుంటే ఇక చార్జింగ్ పెట్టకండి, చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. దొంగల సంగతీ ఉంది, బాక్సు తీసేసినా అద్దం మీద రబ్బరు కప్పు గుండ్రటి మరక ఉంటే లోపల ఏదో ఉందని వాళ్లకి అర్థమైపోతుంది, తుడిచేయండి. ఇంకొకటి, హోమ్ అనే చోట మీ ఇంటి అడ్రస్ పెట్టకండి, బాక్సు దొంగ చేతిలో పడితే ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది, దగ్గర్లోని పెట్రోల్ బంకు పెట్టుకోండి, అక్కడి నుంచి ఇంటికి దారి మీకు తెలుసు కదా.