ఆరెంజ్ అనే మాటలో 'న' ఎక్కడ జారిపోయింది?

మన నారింజకూ ఇంగ్లీషు ఆరెంజ్‌కూ చుట్టరికం ఉందా అన్నది ప్రశ్న. ఉంది, రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవే. సంస్కృతంలో నారంగ, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. సంస్కృతానికి ఈ మాట ద్రావిడ భాషల నుంచి వెళ్లిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అరబ్బుల ద్వారా పుల్ల నారింజతో పాటే పేరూ ఐరోపా చేరింది.

'ఎ నారెంజ్' అన్నది 'ఆన్ ఆరెంజ్'గా విరిగి, ఇంగ్లీషులోనే 'న' పోయిందని తరచూ రాస్తుంటారు. అది పొరపాటు. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈ మాటను ఫ్రెంచి నుంచి తీసుకునేసరికే అది 'ఒరెంజ్'. ఇటాలియన్‌లోనూ 'అరాంచా' అయింది. 'ఒక' అనే అర్థంలో నామవాచకం ముందు వచ్చే 'ఉనా' లాంటి ఉపపదం (ఇంగ్లీషు 'ఎ', 'ఆన్' వంటిది) చివరి 'న'లో పదాది 'న' కలిసిపోవడమే కారణం. స్పానిష్ 'నరాన్హా'లో మాత్రం అది నేటికీ నిలిచింది. ఇంగ్లీషులోనే అలా 'న' పోగొట్టుకున్న మాట కావాలంటే ఏప్రన్‌ను చూడండి, అది ఒకప్పుడు 'నాప్రన్'. అందుకే పదం పుట్టుక వెతికేటప్పుడు, అరువిచ్చిన భాషలో ఆనాటి రూపం ఏమిటో ముందు చూడాలి.

తియ్య నారింజను ఐరోపాలో బాగా వ్యాప్తి చేసింది పోర్చుగీసువారు. అందుకే అరబ్బీలో దానికి 'బుర్తుఖాల్', గ్రీకులో 'పోర్తొకాలి' అని ఆ దేశం పేరే స్థిరపడింది. డచ్చివారు 'చైనా ఆపిల్' అనే అర్థంలో 'సినాస్ఆపెల్' అన్నారు.

రంగు పేరు తర్వాతిది. ఇంగ్లీషులో పండుకు వాడిన మాటే 16వ శతాబ్దంలో రంగుకూ పేరయింది.