ఏజెంటు చేతికి ఏ తాళంచెవి ఇవ్వాలి?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇకపై కోడు ఏఐ ఏజెంట్లే (అప్పగించిన పనిని తామే అడుగడుగునా చేసుకుపోయే ప్రోగ్రాములే) రాస్తాయంటున్నారు. వాటి అనుమతులను అదుపు చేసే పనికి గిరాకీ ఉంటుందని మా సీనియర్ చెప్పారు. దాన్నే నమ్ముకోవచ్చా? ఒక కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు, చేరమంటారా?

జవాబు: ముందు ఆ నలభై వేలు దాచుకోండి. మొదలుపెట్టడానికి, కోడు దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటులో ఉచిత ఖాతా చాలు.

మీ సీనియర్ చెప్పింది నిజమే. అయితే ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనలు వెతికితే నిరాశే మిగులుతుంది. డెవాప్స్, ప్లాట్‌ఫాం ఇంజినీరింగ్, అప్లికేషన్ సెక్యూరిటీ అనే పాత పేర్ల కిందే ఈ పనీ నడుస్తోంది. సూత్రమూ పాతదే. పనికి సరిపడా అధికారమే ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. కాకపోతే ఇప్పుడు ఆ అధికారం పుచ్చుకునేది మన మాటతోపాటు దారిన పోయేవాడి మాట కూడా వినే యంత్రం.

2025 మేలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు ఇదే చూపించారు. పబ్లిక్ రిపోజిటరీలో, అంటే అందరికీ కనిపించే కోడు ఖజానాలో, ఎవరైనా ఇష్యూ (ఫిర్యాదు, సూచన) రాయవచ్చు కదా, అందులో ఒక ఆదేశాన్ని ఇరికించారు. ఇష్యూలు చూడమని యజమాని అడగగానే ఏజెంటు దాన్ని చదివి, ప్రైవేటు రిపోజిటరీలోని వివరాలు తెచ్చి, అందరికీ కనిపించే పుల్ రిక్వెస్టులో (మార్పులు కలపమనే అభ్యర్థనలో) పెట్టేసింది. ఎవరూ గోడకు కన్నం వేయలేదు, ఒకే తాళంచెవి రెండు గదులనూ తెరిచింది. అదే ఏడాది జులైలో, మార్పులు చేయవద్దని పదేపదే చెప్పినా రెప్లిట్ అనే కోడింగ్ వేదిక ఏజెంటు ఒక సంస్థ అసలు డేటాబేస్‌నే తుడిచేసింది. ప్రాంప్టులో, అంటే ఏజెంటుకిచ్చే ఆదేశంలో, రాసిన ‘వద్దు’ను గడియ అనుకోకండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఎందుకూ పనికిరాని పబ్లిక్ రిపోజిటరీ ఒకటి తెరవండి. దానికి మాత్రమే చెల్లే ఫైన్-గ్రెయిన్డ్ టోకెను (ఏ అనుమతులుండాలో విడివిడిగా ఎంచుకోగల తాళంచెవి) తీసి, చదివే అనుమతి ఒక్కటే ఇచ్చి ఏజెంటుకు అప్పగించండి. ఫైలు మార్చి పుష్ చేయమనండి, అంటే గిట్‌హబ్‌కు ఎక్కించమనండి. అనుమతి లేదని చెప్పే 403 రావాలి. రాకుండా పుష్ అయిపోయిందంటే, లాప్‌టాప్‌లో దాగి ఉన్న మీ పాత లాగిన్‌ను అది వాడుకుందేమో చూడండి. నన్నడిగితే ఆ పాఠమే ఎక్కువ విలువైనది. తర్వాత రాసే అనుమతి ఇచ్చి, అసలు కోడుండే మెయిన్ బ్రాంచికి ‘బ్రాంచ్ ప్రొటెక్షన్ రూల్’ పెట్టి పుల్ రిక్వెస్టు తప్పనిసరి చేయండి. అయినా నేరుగా పుష్ అయిపోవచ్చు! టోకెను మీది, మీరు యజమాని. మినహాయింపులు వద్దనే గడిని విడిగా టిక్ చేస్తే తప్ప ఆ నియమం మిమ్మల్ని ఆపదు. కోడును దానంతటదే పరీక్షించే వర్క్‌ఫ్లో ఫైళ్లు మార్చడానికి గిట్‌హబ్ వేరే అనుమతి ఎందుకు పెట్టిందో కూడా ఆలోచించండి. పరీక్ష రాసేవాడికే దిద్దే ఎర్రపెన్ను ఇవ్వరు కదా.

ఏది ఆగింది, ఏది ఆగలేదు, ఎందుకన్నది రిపోజిటరీ పరిచయ పేజీ అయిన రీడ్‌మీలో రాసిపెట్టండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ పేజీ మీద ఎక్కువ ప్రశ్నలు పడతాయి, జవాబులూ మీ దగ్గరుంటాయి.

ఇక దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. చదువు కాగానే ఈ బాధ్యత చేతికిచ్చేవారు తక్కువ. గిట్, లినక్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా పట్టుకుని మామూలు డెవలపరుగానే చేరండి, అక్కడి నుంచి ఇటు జరగడం కష్టం కాదు.

అన్నట్టు, ప్రయోగం అయ్యాక ఆ టోకెను రద్దు చేయండి.