పీఆర్ పెట్టి మూడు వారాలైంది అన్నా, ఉలుకూ లేదు పలుకూ లేదు

ప్రశ్న: అన్నా, మాది కదిరి. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ రెండేళ్ళుగా మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నా. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌కి కాంట్రిబ్యూట్ చేస్తే డెవలపర్‌గా మారడం ఈజీ అని రూమ్మేట్ అంటే, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్ట్ పట్టుకుని, దాని పరిచయం ఉండే ఫైల్ రీడ్‌మీలో స్పెల్లింగ్ సరిచేసి పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు కలుపుకోండని అడగడం) పెట్టా. మూడు వారాలైంది, ఎవరూ పలకట్లేదు. కోడింగ్ నాకు అంతంతమాత్రమే. వదిలేయమంటావా? ఇంకోటి, ఇది ఆఫీస్‌లో తెలిస్తే ఏమన్నా అంటారా?

జవాబు: వదిలేయకు తమ్ముడూ, కానీ ఆ పీఆర్ కోసం కూర్చోకు. ఒక్కసారి మర్యాదగా గుర్తుచెయ్, చాలు. అవతల ప్రాజెక్ట్ చూసుకునే మెయింటైనర్ కూడా చాలాసార్లు పైసా జీతం లేకుండా, ఆఫీస్ పనయ్యాక రాత్రిళ్ళు చూసుకునేవాడే, పైగా రీడ్‌మీ పీఆర్లంటే వాళ్ళకి హడల్. 2020 అక్టోబర్‌లో, ఓపెన్ సోర్స్‌కి జనాన్ని రప్పించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం వాళ్ళు నాలుగు పీఆర్లకి టీషర్ట్ అన్నారు, జనం 'అమేజింగ్ ప్రాజెక్ట్' అని రెండు ముక్కలు అతికించి ఎడాపెడా పంపేశారు, ఆఖరికి ఆ నెల్లోనే రూల్ మార్చి మేం పాల్గొంటాం అన్న ప్రాజెక్టుల్లోవే లెక్కేస్తామన్నారు.

నేనేం తక్కువ తిన్లేదులే. నా మొదటి పీఆర్‌లో 14 ఫైళ్ళలో ట్యాబులన్నీ స్పేసులు చేసి పంపా, 'దీంతో ఏ సమస్య తీరింది?' అని ఒక్క లైన్ రాసి అక్కడి మెయింటైనర్ దాన్ని మూసేశాడు. రెండ్రోజులు మెయిల్ తెరవాలంటే సిగ్గేసింది.

కోడ్ రాసేవాళ్ళు ఎలాగోలా దొరుకుతారు, బగ్‌ని మళ్ళీ రప్పించి చూపించేవాళ్ళే కరువు, ఆ పని నువ్వు రోజూ చేస్తున్నావ్. పైగా తెలుగొచ్చు. ఎంఎస్ ఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ తెరిచి స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి అని కొట్టు. కర్సర్ ఒత్తు మధ్యలో ఇరుక్కుంటోందా, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత పోతోంది, పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ పేస్ట్ చేస్తే అక్షరాలు చెల్లాచెదురవుతున్నాయా చూడు. మన అక్షరాల దగ్గర పెద్ద పెద్దోళ్ళే బోల్తా పడ్డారు, 2018లో 'జ్ఞా' కనబడితే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి కదా, 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా.

ఏదన్నా విరిగితే ఫాంట్ మార్చి చూడు. ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో చెడితే తప్పు ఫాంట్‌ది అయ్యే ఛాన్సెక్కువ, అప్పుడు రిపోర్ట్ వెళ్ళాల్సింది ఆ ఫాంట్ ప్రాజెక్ట్‌కి. ఎవరన్నా ముందే పెట్టారేమో వెతికి, లేకపోతే వెర్షన్, ఓఎస్, ఫాంట్ పేరు, ఏం కొట్టావ్, ఏం రావాలి, ఏం వచ్చింది రాసి చిన్న ఫైల్ జతచెయ్. 'తెలుగు సరిగ్గా రావట్లేదు' అని రాస్తే తెలుగు రాని డెవలపర్ ఏం చేస్తాడు చెప్పు, స్క్రీన్‌షాట్ మీద ఎర్ర బాణం గీసి ఈ వత్తు ఇక్కడుండాలి అని చూపించాలి. అలా ఒకే చోట నాలుగు రిపోర్టులు పెట్టావంటే నీ పేరు వాళ్ళకి గుర్తుంటుంది, తర్వాత కోడ్ పంపినా చదువుతారు.

ఇక ఆఫీస్ సంగతి. జాయిన్ అయ్యేటప్పుడు చదవకుండా సంతకం పెట్టిన అగ్రిమెంట్ తీసి ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ క్లాజ్ చూడు (మనందరం అలాగే పెట్టాం). ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నువ్వు రాసిందంతా కంపెనీదే అని కొన్నిట్లో ఉంటుంది. బగ్ రిపోర్ట్‌తో పెద్ద పేచీ రాదు గానీ కోడ్ దాకా వెళ్తే జాగ్రత్త, లినక్స్ ఓఎస్‌కి గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లో అయితే 2004 నుంచీ ప్యాచ్ (పంపే కోడ్ మార్పు) కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు పెట్టాలి, ఇది ఇచ్చే హక్కు నాకుంది అని దానర్థం. ఆఫీస్ ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోకు, మేనేజర్ని అడిగేదేదో మెయిల్‌లోనే అడుగు, క్యాంటీన్లో టీ తాగుతూ 'ఆ చేసుకో' అన్నది రేపు ఆయనకే గుర్తుండదు.